పోస్ట్‌గ్రెస్ మెయింటెనెన్స్ స్క్రిప్టులతో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కందిపొడి

నమస్తే అందరికీ. పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్, పైథాన్, ఆ రెంటినీ కలిపే సైకోపీజీ2 లైబ్రరీ. ఇదీ సెటప్. రాత్రిళ్లు క్రాన్‌లో (టైముకి పనులు నడిపే షెడ్యూలర్) నాలుగు పనులు నడుస్తాయి: పాత బ్యాకప్ ఫైళ్లు తీసేయడం, లాగ్ టేబుల్లో 90 రోజులు దాటిన వరుసలు డిలీట్ చేయడం, ఉబ్బిన ఇండెక్సులు మళ్లీ కట్టడం, కొన్ని టేబుళ్లకు వాక్యూమ్ (చచ్చిన వరుసలు ఏరేయడం). అంతా ఒకే ఫైలు, 600 లైన్లు, టెస్టులు సున్నా. ఇంకోపక్క హాస్కెల్ అనే ఫంక్షనల్ భాష చదువుతున్నాను. అక్కడేమో అన్నీ ప్యూర్ ఫంక్షన్లు (ఇన్‌పుట్ తీసుకుని ఫలితం ఇస్తాయి, బయట దేన్నీ ముట్టుకోవు), ఇక్కడేమో మొదటి లైను నుంచి చివరి లైను దాకా సైడ్ ఎఫెక్టులే (బయట ఏదో ఒకటి మార్చేవే). ఈ రెండూ కలిసే చోటు ఏదైనా ఉందా? ఉంటే ఏ పనితో మొదలుపెట్టాలి? భాష మార్చాలా?

రాత్రిడ్యూటీ

భాష ఇప్పుడే మార్చకండి. ముందు ఆ 600 లైన్లను మూడు ముక్కలు చేయండి.

ఒకటి, సమాచారం సేకరించేది. డిస్కు మీద ఏ ఫైళ్లున్నాయి, టేబుళ్ల గణాంకాలుండే పీజీ_స్టాట్_యూజర్_టేబుల్స్ ఏం చెబుతోంది, ఏ ఇండెక్స్ ఎంత పెద్దది. ఇది చదువుతుందే తప్ప దేన్నీ మార్చదు. రెండోది నిర్ణయించేది. సేకరించిన సమాచారాన్నీ ఇప్పటి సమయాన్నీ తీసుకుని, చేయాల్సిన పనుల జాబితా ఇస్తుంది. ఇదే మీ ప్యూర్ ఫంక్షన్. దీనిలోపల కనెక్షన్ ఉండకూడదు, ఫైలు తెరవకూడదు, గడియారం కూడా చూడకూడదు. సమయాన్ని బయట నుంచి ఆర్గ్యుమెంట్‌గానే ఇవ్వాలి. మూడోది ఆ జాబితా చేతికిస్తే కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ అమలు చేసేది. ఇందులో తెలివితేటలేమీ ఉండకూడదు.

మొదటి పనిగా బ్యాకప్ ఫైళ్లు తీసుకోండి. లాకులుండవు, ట్రాన్సాక్షన్లుండవు. ఫైలంటే పేరు, తేదీ, సైజు. పాలసీ ఏమిటంటే రోజువారీవి 7, వారానివి 4, నెలవి 12 ఉంచాలి. ఫంక్షన్ ప్రతి ఫైలుకీ "ఉంచు" గానీ "తీసేయి" గానీ ఇస్తుంది, దాంతోపాటు కారణం కూడా. "ఉంచు, 32వ వారం చివరిది" అని కారణం రాసి ఉంటే, రేపెవరైనా ఈ ఫైలు ఎందుకు పోలేదని అడిగినప్పుడు లాగ్ చూసి చెప్పేయొచ్చు.

డ్రై రన్ కోసం వేరే కోడ్ అక్కర్లేదు. జాబితా ప్రింట్ చేసి మూడో ముక్కను పిలవకుండా ఆపితే అదే డ్రై రన్. కోడంతా "డ్రై రన్ అయితే ఇది, కాకపోతే అది" అని ఇఫ్‌లు చల్లుకుంటూ పోతే ఎక్కడో ఒక ఇఫ్ మర్చిపోతారు, అదీ డిలీట్ ఉన్న చోటే.

ఒంగోలు_ఓకామ్ల్

పైది ఒప్పుకుంటాను, ఒక్క మాట కలుపుతాను. పనులను స్ట్రింగులుగా పెట్టొద్దు. "వాక్యూమ్ ఆర్డర్స్" అని ఎస్క్యూఎల్ స్ట్రింగు తిరిగిస్తే టెస్టులో స్ట్రింగులు పోల్చుకుంటూ కూర్చోవాలి. ప్రతి పనికీ ఒక ఫ్రోజెన్ డేటాక్లాస్ (తయారయ్యాక మారని చిన్న రికార్డు) పెట్టండి: ఫైలు తీసేయి, వరుసలు తొలగించు, ఇండెక్స్ మళ్లీ కట్టు, వాక్యూమ్ చెయ్యి. ఆ నాలుగింటి యూనియనే (నాలుగింటిలో ఏదో ఒకటి) "పని" అనే టైపు. అమలు చేసే చోట మ్యాచ్ వాడండి, పైథాన్ 3.10 నుంచి ఉంది. చివరి కేసులో టైపింగ్ మాడ్యూల్లోని అసర్ట్_నెవర్ పెట్టి మైపై అనే టైప్ చెకర్ నడిపితే, రేపు ఐదో పని చేర్చి మ్యాచ్‌లో రాయడం మరిచినప్పుడు అదే పట్టిస్తుంది. అసర్ట్_నెవర్ 3.11లో వచ్చింది, అంతకు ముందు వెర్షన్ల వాళ్లు టైపింగ్_ఎక్స్‌టెన్షన్స్ నుంచి తెచ్చుకోవాలి.

ఓకామ్ల్‌లో ఇదంతా నాలుగు లైన్ల వేరియంట్ టైపు, కేసు వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది. పైథాన్‌లో ఎక్కువ టైప్ చేయాలి, కానీ ఆలోచన అదే.

కందిపొడి

రాత్రిడ్యూటీ గారూ, బ్యాకప్ ముక్క విడదీశాను. నిర్ణయించే ఫంక్షన్‌లో యీల్డ్ పెట్టాను. ముందు జాబితా ప్రింట్ చేసి, వెంటనే అదే జాబితాను అమలుకు ఇస్తే ప్రింట్‌లో 11 ఫైళ్లు కనబడుతున్నాయి, అమలులో ఒక్కటీ పోవట్లేదు. ఎర్రర్ కూడా లేదు. ఎందుకని?

రాత్రిడ్యూటీ

యీల్డ్ పెడితే ఫంక్షన్ జనరేటర్ అవుతుంది, అడిగినప్పుడల్లా ఒక్కోటి ఇస్తుంది, కానీ ఒక్కసారే నడుస్తుంది. ప్రింట్ చేసేటప్పుడే అయిపోయింది, అమలుకు చేరేసరికి ఖాళీ. ఫంక్షన్ చివర టపుల్‌గా మార్చి తిరిగివ్వండి. మ్యాప్‌తోనూ ఇదే తంటా. పైథాన్ 3లో మ్యాప్ బద్ధకస్తురాలు. తీసేసే ఫంక్షన్‌ను మ్యాప్‌కిచ్చి ఫలితాన్ని ఎవరూ తీసుకోకపోతే అసలేమీ జరగదు, పైగా స్క్రిప్టు సక్సెస్ అని ముగుస్తుంది. పక్క ప్రభావం ఉన్న పనికి మామూలు ఫర్ లూపే రాయండి, అందులో సిగ్గుపడేదేం లేదు.

హాస్కెల్ లిస్టు కూడా లేజీయే (అడిగితేనే లెక్కకడుతుంది). కానీ ఒకసారి లెక్కకట్టిన విలువ అలాగే ఉంటుంది, రెండోసారి చదివితే మళ్లీ కనబడుతుంది. పైథాన్ జనరేటర్‌లో చదవడమంటే ఖర్చు చేయడమే. ఈ రెండూ ఒకటే అనుకోకండి.

గోదారి_గట్టు

బ్యాకప్ పాలసీకి యూనిట్ టెస్టులు చాలవండీ, ప్రాపర్టీ టెస్టులు పెట్టండి. హాస్కెల్‌లో క్విక్‌చెక్, పైథాన్‌లో హైపోథిసిస్. ఉదాహరణలు మీరు రాయక్కర్లేదు, నియమాలు రాస్తే అదే తేదీల జాబితాలు పుట్టించి కొడుతుంది. ఈ పనికి పనికొచ్చే నియమాలు ఇవి.

ఉంచేవీ తీసేసేవీ కలిపితే సరిగ్గా ఇన్‌పుట్ రావాలి, ఒక్కటీ తప్పిపోకూడదు, రెండు జాబితాల్లోనూ ఒకే ఫైలు ఉండకూడదు. ఇన్‌పుట్‌లో ఒక్కటైనా మంచి ఫైలుంటే ఉంచే జాబితా ఖాళీ కాకూడదు. అందరికంటే కొత్తది ఎప్పుడూ ఉంచే జాబితాలోనే ఉండాలి. ఉంచిన వాటినే మళ్లీ ఇన్‌పుట్‌గా ఇస్తే, అదే సమయానికి, ఇంకేదీ పోకూడదు.

రెండో నియమం ఎందుకంటే, చాలామంది "30 రోజులు దాటితే తీసెయ్" అని ఫైండ్ కమాండ్ పెట్టి వదిలేస్తారు. బ్యాకప్ తీసే జాబ్ ఎక్కడో ఆగిపోయిందనుకోండి, తీసేసే జాబ్ మాత్రం రోజూ శ్రద్ధగా నడుస్తుంది. 31వ రోజుకి ఫోల్డర్ ఖాళీ. వయసుతో పాటు కనీస సంఖ్య కూడా పాలసీలో ఉండాలి.

చివరి నియమం ఇంకో తప్పు పట్టుకుంటుంది. వారానివి ఎంచడానికి "జాబితాలో ప్రతి ఏడోది" అని స్థానం లెక్కన తీసుకుంటే, మర్నాడు జాబితా చిన్నదై స్థానాలు జరుగుతాయి, నిన్న ఉంచినవే ఇవాళ పోతాయి. స్థానంతో కాకుండా తేదీతో గుంపులు కట్టాలి: సంవత్సరం, వారం సంఖ్య కీ, ఆ గుంపులో చివరి ఫైలు. అప్పుడు ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారదు. వారం సంఖ్యకి ఐఎస్ఓ సంవత్సరమే వాడండి, క్యాలెండర్ సంవత్సరం కాదు. 2024 డిసెంబరు 30, 31 తేదీలు ఐఎస్ఓ లెక్కలో 2025 మొదటి వారంలోకి వస్తాయి. ఇక్కడ క్యాలెండర్ సంవత్సరం పెడితే అవి 2024 మొదటి వారంలో పడి, జనవరిలో ఉంచాల్సిన ఫైలును తోసేస్తాయి.

టైమ్ జోన్ కూడా చూడండి. మన టైము రాత్రి 12:30కి తీసిన డంప్, యూటీసీలో ముందు రోజు సాయంత్రం 7 గంటలది. సర్వర్ యూటీసీలో ఉండి, ఫైలు పేరు మన టైములో ఉంటే ఒకే రోజుకి రెండు ఫైళ్లు, పక్క రోజుకి ఏదీ లేనట్టు లెక్క తేలుతుంది. సేకరించే ముక్కలోనే అంతా యూటీసీకి మార్చేసి లోపలికి పంపండి.

వాక్యూమ్_వీరుడు

అంతా బానే ఉంది గానీ, ఫైళ్లకి సరిపోయిన లెక్క డేటాబేస్‌కి సరిపోదు భాయ్. ఫోల్డర్‌ని రాత్రి పూట ఎవడూ ముట్టుకోడు. టేబుల్‌ని నిమిషానికి వందసార్లు ముట్టుకుంటరు. మీరు సమాచారం సేకరించి, నిర్ణయించి, అమలుకి వచ్చేసరికి ఆ సమాచారం పాతబడి ఉంటది. "ఐడీ 4512 తీసెయ్" అని పని తయారైంది, ఈలోపు ఎవరో ఆ వరుసని మళ్లీ యాక్టివ్ చేసిండ్రు. మీ ప్యూర్ ఫంక్షన్ కరెక్టే, పోయింది మాత్రం బతికున్న డేటా.

అందుకని పని అనే విలువలో ఐడీలు కాదు, షరతు కూడా పెట్టాలె. డిలీట్ స్టేట్‌మెంట్‌లోనే "స్థితి మూసినది, తేదీ ఇంతకంటే పాతది" అని వేర్ క్లాజ్ మళ్లీ ఉండాలె. అమలులో ఎన్ని వరుసలు పోయినయో తిరిగొచ్చే సంఖ్యని ప్లాన్‌లోని సంఖ్యతో పోల్చి, తేడా ఉంటే లాగ్‌లో రాయాలె. లాక్ పట్టే ప్రతి పనికి ముందు లాక్_టైమౌట్ 2 లేదా 3 సెకన్లు పెట్టుకోండి. లేకుంటే ఆల్టర్ టేబుల్ ఒక్కటి లాక్ కోసం వరుసలో నిలబడితే, దాని వెనక మామూలు సెలెక్టులు కూడా నిలబడతయ్, అప్లికేషన్ మొత్తం ఆగినట్టే.

రాత్రిడ్యూటీ

వీరుడన్న చెప్పింది నిజం. ప్లాన్ అనేది ఉద్దేశమే, హామీ కాదు. చివరి మాట డేటాబేస్‌దే. అయినా నిర్ణయాన్ని విడదీయడం వృథా కాదు. ఏ టేబుల్‌కి, ఏ క్రమంలో, ఒక్కో విడతకి ఎంత అన్న లాజిక్కే టెస్టు చేయాల్సింది.

వాక్యూమ్_వీరుడు

అది ఒప్పుకుంటా. ఇంకోటి, హాస్కెల్ చదివేటోళ్లకి ఇది నచ్చుతది. పోస్ట్‌గ్రెస్ లోపల అప్‌డేట్ అంటే పాత వరుస మీద రాయడం కాదు. కొత్త వెర్షన్ పక్కన రాస్తది, పాతది అట్లనే ఉంటది. ఎవరి స్నాప్‌షాట్‌కి (వాళ్లకి కనబడే ఆ క్షణపు డేటా) ఏది కనబడాల్నో వాళ్లకి అదే కనబడుతది. మీరు పుస్తకంలో చదివే ఇమ్యూటబుల్ (మారని) డేటా అదే. పాత వెర్షన్లని ఏరేసే గార్బేజ్ కలెక్టరే వాక్యూమ్. ఎవరో ఒకరు పాత వెర్షన్‌ని ఇంకా చూసే అవకాశం ఉంటే గార్బేజ్ కలెక్టర్ తీయదు కదా, వాక్యూమ్ కూడా తీయదు. ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసిన ఒక్క కనెక్షన్ చాలు, ఆ డేటాబేస్‌లో దాని తర్వాత చచ్చిన వరుసలన్నీ అక్కడే పడి ఉంటయ్. పీజీ_స్టాట్_యాక్టివిటీలో "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని కనబడేటివి అవే. దానికో టైమౌట్ సెట్టింగ్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటది. అప్లికేషన్ యూజర్‌కి 5 నిమిషాలు పెట్టండి.

ఆటోవాక్యూమ్ ఎప్పుడు లేస్తదంటే, చచ్చిన వరుసలు 50 ప్లస్ టేబుల్‌లో 20 శాతం దాటినప్పుడు. కోటి వరుసల టేబుల్‌కి 20 లక్షలు చచ్చేదాక కదలదన్నమాట. పెద్ద టేబుళ్లకి టేబుల్ వారీగా స్కేల్ ఫ్యాక్టర్ 0.02 చేయండి, 2 లక్షలకే లేస్తది. ఇది చేస్తే కందిపొడి గారి క్రాన్‌లో వాక్యూమ్ పని సగం అక్కర్లేకుండా పోతది. వాక్యూమ్ ఫుల్ మాత్రం క్రాన్‌లో పెట్టకండి. టేబుల్ మొత్తం తిరగరాస్తది, అయ్యేదాక చదవనీయదు కూడా, పైగా కొత్త కాపీకి సరిపడా డిస్కు కావాలె.

కందిపొడి

అయితే లాగ్ టేబుల్ డిలీట్ విషయం. 3 కోట్ల వరుసలు. ఫెచ్‌ఆల్‌తో అన్నీ ఒకేసారి తెస్తే మెమరీ చాలదు కాబట్టి నేమ్డ్ కర్సర్‌తో ఒక్కో వరుస లేజీగా తెచ్చుకుంటూ పోవచ్చా? హాస్కెల్ పద్ధతిలా అనిపిస్తోంది.

గోదారి_గట్టు

పద్ధతి బాగుంటుంది, ఫలితం బాగోదు. సైకోపీజీ2లో మామూలు కర్సర్ ఎగ్జిక్యూట్ అవగానే ఫలితమంతా క్లయింటు మెమరీలోకి లాగేస్తుంది, అది మీరన్నట్టు నిజమే. నేమ్డ్ కర్సర్ విడతకి 2000 చొప్పున తెస్తుంది. కానీ అది బతకాలంటే ట్రాన్సాక్షన్ తెరిచే ఉండాలి. రెండు గంటల స్ట్రీమ్ అంటే రెండు గంటల ట్రాన్సాక్షన్. ఇప్పుడే వీరుడు గారు చెప్పిన గొడవ మీరే తెచ్చిపెట్టుకున్నట్టు.

స్ట్రీమ్‌కి బదులు అన్‌ఫోల్డ్ అనుకోండి. స్థితి అంటే ఇంతవరకు చూసిన చివరి ఐడీ. ఒక్కో అడుగులో ఆ ఐడీ కంటే పెద్దవి, 90 రోజులు దాటినవి, ఐడీ క్రమంలో, 5000 తీసుకుని తొలగించి కమిట్. కొత్త చివరి ఐడీతో మళ్లీ. ఏమీ రాకపోతే ఆపు. మధ్యలో కరెంటు పోయినా ఫరవాలేదు, మళ్లీ మొదటి నుంచి నడిపినా తప్పు జరగదు, ఎందుకంటే పోయినవి ఎలాగూ లేవు. ఆఫ్‌సెట్ మాత్రం వాడొద్దు. ఆఫ్‌సెట్ 10 లక్షలంటే ఆ 10 లక్షలూ చదివి పారేసి తర్వాతవి ఇస్తుంది, పైగా తొలగిస్తూ ఆఫ్‌సెట్ పెంచితే మధ్యలో గుంపులకు గుంపులు దాటిపోతాయి.

ఇంకా మంచి దారి ఉంది: టేబుల్‌ని నెలవారీ పార్టిషన్లుగా (ముక్కలుగా) చేయడం. అప్పుడు 3 కోట్ల డిలీట్ కాదు, ఒక పార్టిషన్ డిటాచ్ చేసి డ్రాప్ చేయడం. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి డిటాచ్‌ని కాన్‌కరెంట్‌లీ (టేబుల్ వాడకం ఆపకుండా) చేయొచ్చు, మీ దగ్గర అదే వెర్షన్ ఉంది. డీఫాల్ట్ పార్టిషన్ ఉంటే మాత్రం ఈ కాన్‌కరెంట్ డిటాచ్ కుదరదు.

సైకోపీజీ2లో "విత్ కనెక్షన్" అంటే బ్లాకు చివర కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ చేస్తుంది, కనెక్షన్ మూయదు. ఫైళ్ల అలవాటుతో మూసేస్తుందనుకుంటారు చాలామంది. వాక్యూమ్‌కి ఆటోకమిట్ ఆన్ చేయాలి, లేకపోతే ట్రాన్సాక్షన్ బ్లాకులో నడవదని ఎర్రర్ ఇస్తుంది.

టైపు_తిరుపతి

మోనాడ్లు (హాస్కెల్‌లో పక్క ప్రభావాలను వరుసలో పెట్టే పద్ధతి) నేర్చుకోకుండా ఇదంతా ఫంక్షనల్ ఎలా అవుతుందండీ?

ఒంగోలు_ఓకామ్ల్

మోనాడ్ లేకపోతే కొంపేం మునగదు. విలువలు, ఫంక్షన్లు, టైపులు వచ్చాక అదే వస్తుంది.

టైపుల మాట వచ్చింది కాబట్టి ఇండెక్సుల సంగతి. "ఈ ఇండెక్స్ ఉందా?" అన్నదానికి చాలా స్క్రిప్టుల్లో జవాబు ట్రూ, ఫాల్స్. నిజానికి మూడు స్థితులు: లేదు, ఉంది, ఉంది గానీ చెల్లదు. క్రియేట్ ఇండెక్స్ కాన్‌కరెంట్‌లీ మధ్యలో విఫలమైతే, డెడ్‌లాక్ వల్ల గానీ, యూనిక్ ఇండెక్స్‌కి డూప్లికేట్ దొరికి గానీ, ఆ ఇండెక్స్ ఇన్‌వాలిడ్‌గా మిగిలిపోతుంది. క్వెరీలు దాన్ని వాడవు, ఇన్సర్టులు మాత్రం దాన్ని మోస్తూనే ఉంటాయి. ఇప్పుడు స్క్రిప్టులో "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్" ఉందనుకోండి. ఆ పేరుతో ఒకటి ఉంది కదా అని దాటేస్తుంది. రోజూ సక్సెస్, క్వెరీ మాత్రం రోజూ నెమ్మదే. పీజీ_ఇండెక్స్‌లో ఇండిస్‌వాలిడ్ కాలమ్ చదివి మూడు స్థితుల టైపుగా పెట్టుకుంటే, "చెల్లదు" కేసుకి "డ్రాప్ చేసి మళ్లీ కట్టు" అని రాయకుండా టైప్ చెకర్ వదలదు. బూలియన్‌కి ఈ సుఖం లేదు.

ఎలిక్సర్ భాష వైపు వెళ్లేవాళ్లకి: దాని డేటాబేస్ లైబ్రరీ ఎక్టోలో మైగ్రేషన్ (టేబుళ్ల మార్పులు రాసిన ఫైలు) మామూలుగా ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది, కాన్‌కరెంట్ ఇండెక్స్ అందులో కుదరదు. ఆ మైగ్రేషన్ పైన డిజేబుల్_డీడీఎల్_ట్రాన్సాక్షన్, డిజేబుల్_మైగ్రేషన్_లాక్ రెండూ ట్రూ పెట్టాలి. అలాంటి ఫైల్లో ఆ ఒక్క ఇండెక్సే ఉండాలి, వేరే మార్పులు కలపొద్దు. సగంలో ఆగితే వెనక్కి తిప్పే ట్రాన్సాక్షన్ లేదు కదా.

టైపు_తిరుపతి

సరే, హాస్కెల్‌లోనే రాయాలనుకుంటే ఏం చూసుకోవాలి?

ఒంగోలు_ఓకామ్ల్

కూడికలకి ఫోల్డ్‌ఎల్ కాదు, చివర ప్రైమ్ ఉన్న ఫోల్డ్‌ఎల్ వాడండి. ప్రైమ్ లేనిది కూడాల్సినవాటిని కూడకుండా గుట్ట పోస్తూ పోతుంది, లాగ్ ఫైలు పెద్దదైతే మెమరీ అంతా ఆ గుట్టే. మ్యాపులకి డేటా.మ్యాప్.స్ట్రిక్ట్. ఫైళ్లు చదవడానికి లేజీ రీడ్‌ఫైల్ కాకుండా స్ట్రిక్ట్ టెక్స్ట్ లేదా బైట్‌స్ట్రింగ్. లేజీగా తెరిచిన ఫైలు ఎప్పుడు మూసుకుంటుందో మన చేతుల్లో ఉండదు. ఇంకా, క్యాబల్ ఫ్రీజ్ ఫైలు (లైబ్రరీల వెర్షన్లు ఖాయం చేసేది) రిపోలో పెట్టండి, కంపైలర్ వెర్షన్ కూడా రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత చిన్న మార్పు కోసం తెరిస్తే ముందు బిల్డ్ అవ్వాలి కదా.

నా మాట అడిగితే, నేర్చుకోవడానికి హాస్కెల్, రాత్రి క్రాన్‌లో నడపడానికి టీమ్‌లో మిగతావాళ్లు చదవగలిగే భాష.

వాక్యూమ్_వీరుడు

కందిపొడి గారూ, పోస్ట్‌గ్రెస్ 14కి సపోర్టు 2026 నవంబరుతో అయిపోతది. స్క్రిప్టులు తిరగరాసేటప్పుడే అది కూడా చూసుకోండి. పీజీ_అప్‌గ్రేడ్‌లో లింక్ మోడ్ వేగమే, కానీ కొత్త సర్వర్‌ని ఒకసారి స్టార్ట్ చేసినంక పాత దానికి తిరిగి పోలేరు. అప్‌గ్రేడ్ అయినంక అనలైజ్ నడపండి. 17 దాక ఏ వెర్షన్‌కి పోయినా గణాంకాలు వెంట రావు, అనలైజ్ అయ్యేదాక, క్వెరీకి దారి ఎంచే ప్లానర్ గుడ్డిగా పోతది. 18తో చాలావరకు వస్తున్నయ్. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారుస్తుంటే జీలిబ్‌సీ (లినక్స్ సిస్టమ్ లైబ్రరీ) వెర్షన్ చూడండి. 2.28లో అక్షర క్రమం నియమాలు మారినయ్. అంతకు ముందుదాంట్లో కట్టిన టెక్స్ట్ ఇండెక్సులు కొత్తదాంట్లో తప్పు జవాబులిస్తయ్, ఎర్రర్ రాదు. టెక్స్ట్ కాలమ్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయాలె.

కందిపొడి

అందరికీ థాంక్స్. ఇంకొక్క సందేహం. 40 టేబుళ్ల పనుల్లో మూడోది ఫెయిలైతే ఎక్సెప్షన్ వచ్చి మిగతా 37 ఆగిపోతున్నాయి. ట్రై ఎక్సెప్ట్‌తో మింగేస్తే ఎవరికీ తెలియదు. మధ్యే మార్గం?

గోదారి_గట్టు

అమలు చేసే ఫంక్షన్ ప్రతి పనికీ ఒక ఫలితం తిరిగివ్వాలి: అయింది (ఎంత సేపు పట్టింది, ఎన్ని వరుసలు), కాలేదు (కారణం), వదిలేశాం (లాక్ దొరకలేదు). ఎక్సెప్షన్‌ని పట్టుకునేది ఆ ఒక్క చోటే, పట్టుకోగానే విలువగా మార్చేయాలి. చివర్లో ఫలితాలన్నీ ఫోల్డ్ చేసి (కలిపి ఒక్క జవాబు చేసి), ఒక్కటైనా "కాలేదు" ఉంటే ఎగ్జిట్ కోడ్ 1. "వదిలేశాం" వరుసగా మూడు రాత్రులు అదే టేబుల్‌కి వస్తే అప్పుడు అలర్ట్, మొదటి రాత్రే కాదు. డిస్కు నిండింది, కనెక్షన్ పోయింది లాంటివి మాత్రం విలువగా మార్చకండి. వాటికి వెంటనే ఆగడమే కరెక్టు, మిగతా 37 కూడా ఎలాగూ ఫెయిలవుతాయి.

రాత్రిడ్యూటీ

ఎగ్జిట్ కోడ్ మాట వచ్చింది కాబట్టి, బ్యాకప్ తీసే షెల్ లైను కూడా ఒకసారి చూడండి. పీజీ_డంప్ ఫలితాన్ని పైపుతో జీజిప్‌కి పంపుతుంటే, షెల్ చూసేది జీజిప్ ఎగ్జిట్ కోడ్ మాత్రమే. డంప్ మధ్యలో చచ్చినా జీజిప్ సున్నా ఇస్తుంది, సగం ఫైలు చక్కటి పేరుతో ఫోల్డర్లో కూర్చుంటుంది. మీ పాలసీ దాన్నే "అందరికంటే కొత్తది" అని ఉంచి, మంచిదాన్ని తీసేయొచ్చు. స్క్రిప్టు పైన పైప్‌ఫెయిల్ (పైపులో ఏది ఫెయిలైనా ఫెయిల్ అనే సెట్టింగ్) ఆన్ చేయండి, లేదంటే పైపు మానేసి పీజీ_డంప్ కస్టమ్ ఫార్మాట్ వాడండి, అందులో కంప్రెషన్ ఉంది. డంప్ ముందు తాత్కాలిక పేరుతో రాసి, సక్సెస్ అయ్యాకే అసలు పేరుకి మార్చండి. సేకరించే ముక్క తాత్కాలిక పేర్లను చూడకూడదు. పీజీ_రీస్టోర్‌తో లిస్టు చూస్తే విషయసూచిక చదవగలిగిందనే తెలుస్తుంది, లోపల డేటా బాగుందని కాదు. వారానికోసారి వేరే డేటాబేస్‌లోకి పూర్తిగా రీస్టోర్ చేసి, రెండు మూడు పెద్ద టేబుళ్ల కౌంట్లు పోల్చండి. అది కూడా ఇంకో "పని" గా జాబితాలో చేర్చేయండి.